మీ ల్యాప్‌టాప్ ముసలిది కాలేదు, ర్యామ్ చాలట్లేదు అంతే!

ముందే చెప్పేస్తున్నా, ఇది రివ్యూ కాదు. కొత్త ఫోన్ లేదు, అన్‌బాక్సింగ్ లేదు, స్టార్ రేటింగ్ కూడా లేదు. పదకొండేళ్ల పాత ల్యాప్‌టాప్ గురించి, దాన్ని చూసి నాకొచ్చిన కోపం గురించి.

ఈ సంక్రాంతికి కూచిపూడి వెళ్లా. మా పిన్ని వాళ్ల ఊరు. బెజవాడలో బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు దాటాక వస్తుంది. పేరు చెబితే ప్రపంచానికి తెలిసిన ఊరే కానీ, దిగి చూస్తే చుట్టూ వరి చేలతో మామూలు డెల్టా పల్లెటూరు. మా పిన్ని డాన్స్ టీచర్. ఊళ్లో పిల్లలకు సాయంత్రాలు నేర్పుతుంది. కరోనా టైమ్‌లో మొదలైన ఆన్‌లైన్ క్లాసులు మాత్రం ఆగలేదు, టెక్సస్‌లో ఉన్న తెలుగు పిల్లలు ఆరుగురు ఇప్పటికీ ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నారు. మనకు ఆదివారం పొద్దున్న ఆరున్నర అంటే వాళ్లకు శనివారం సాయంత్రం ఏడు.

పండగ అయిన ఆదివారం ఆ క్లాస్ చూశా. చూశా అనడం కన్నా, ఆగిపోతుంటే చూశా అనాలి. పిన్ని జతి చెబుతోంది, తాళం కొడుతోంది. అవతల పిల్లలకు మాట ఒకచోట, చెయ్యి ఒకచోట. మధ్యలో ఆవిడ బొమ్మ కాలు పైకెత్తి అలాగే ఫ్రీజ్ అయిపోయింది. పాట ప్లే చేద్దామని ఫోల్డర్ తెరిస్తే నీలం రంగు చక్రం తిరుగుతూనే ఉంది. గంట క్లాసులో పావుగంట "వినిపిస్తోందా? కనిపిస్తోందా?" అనడంతోనే సరిపోయింది.

క్లాస్ అయ్యాక పిన్ని అంది: "ఒరేయ్ నాన్నా, నువ్వు ఈ ఫోన్లూ కంప్యూటర్ల గురించే కదా రాస్తావు. దీన్ని తీసేసి కొత్తది కొనాలట. బెజవాడలో షాపతను చూసి ఇది ముసలిదైపోయిందమ్మా, బాగుచేసినా దండగ, 45 వేలు పెట్టండి అన్నాడు. ఇద్దరు పేరెంట్స్ కూడా క్వాలిటీ బాలేదు, ఈ నెల చూసి మానేస్తాం అంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

45 వేలంటే ఆవిడకు చాలా నెలల ఫీజులు. మనం రివ్యూల్లో "బడ్జెట్ సెగ్మెంట్" అని తేలిగ్గా రాసేసే అంకె అది.

ఓపెన్ చేసి చూస్తే

షాపతను చూసి చెప్పాడు సరే, ఏం చూశాడు? నేను ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కా. టాస్క్ మేనేజర్ తెరుచుకోవడానికే అర నిమిషం పట్టింది. తెరుచుకున్నాక అందులో ఉన్నది ఇదీ:

సీపీయూ 35 శాతం. మెమరీ 93 శాతం. డిస్క్ 100 శాతం.

కథ మొత్తం ఈ మూడు అంకెల్లోనే ఉంది. మెషీన్ ఐదో తరం కోర్ ఐ3. పెద్ద గుర్రమేమీ కాదు, కానీ క్లాస్ అయిపోయాక కూడా ఖాళీగానే కూర్చుంది. చాలనిది ప్రాసెసర్ కాదు. ఉన్నది 4 జీబీ ర్యామ్, దాని వెనకాల నిమిషానికి 5,400 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్క్. అదే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ అని వెళ్తే "రెండు స్లాట్లలో ఒకటి వాడుకలో ఉంది" అని కూడా రాసి ఉంది. అంటే ఇంకో స్లాట్ పదకొండేళ్లుగా ఖాళీ!

మన దగ్గర "సిస్టమ్ స్లో అయింది" అనగానే రెండే సలహాలు వినిపిస్తాయి. ఫార్మాట్ కొట్టు, లేదా కొత్తది కొను. ఏది చాలట్లేదో చూడకుండా చెప్పే సలహాలు ఇవి. జ్వరం అనగానే థర్మామీటర్ పెట్టకుండా ఇంజెక్షన్ పొడిచేసినట్టు. టాస్క్ మేనేజరే మన థర్మామీటర్. మీరు రోజూ వాడే యాప్స్ అన్నీ తెరిచి, పది నిమిషాలు పనిచేసి, అప్పుడు అంకెలు చూడండి. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే నిజం తెలీదు.

ర్యామ్ నిండితే అసలేం జరుగుతుంది?

పిన్నికి చెప్పినట్టే మీకూ చెప్తా. ర్యామ్ అంటే వేదిక. హార్డ్ డిస్క్ అంటే నటులు ఉండే ఇళ్లు. వేదిక మీద నలుగురికే చోటుంది. ఐదోవాడి పాత్ర రాగానే ఒకణ్ని దింపేసి ఇంటికి పంపాలి. మళ్లీ వాడి డైలాగ్ వస్తే ఇంటికి కబురు పెట్టాలి, ఇంకొకణ్ని దింపాలి. నాటకం నడవదు, రాకపోకలే నడుస్తాయి. ఈ పంపడాన్నే పేజింగ్ అంటారు. దిగినవాళ్లు ఉండే చోటు పేజ్ ఫైల్.

ఎంత తేడా ఉంటుందో లెక్క చూద్దాం. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి దాదాపు 100 నానోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్క్‌లో ఎక్కడో ఉన్న ముక్క తేవాలంటే 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. ర్యామ్ పని 1 సెకను అనుకుంటే, అదే పనికి హార్డ్ డిస్క్‌కు దాదాపు 28 గంటలు పట్టినట్టు. ఎస్‌ఎస్‌డీ అయితే వెయ్యి రెట్ల దగ్గర ఉంటుంది, అంటే 17 నిమిషాలు. రెండూ ర్యామ్ కంటే స్లోనే. కానీ 28 గంటలు ఎదురుచూడటం, 17 నిమిషాలు ఎదురుచూడటం ఒకటి కాదు కదా.

అందుకే పాత ల్యాప్‌టాప్‌లో మెమరీ 90 దాటగానే డిస్క్ 100 కొడుతుంది. రెండు జబ్బులు కాదు, ఒకటే.

బూస్టర్లు, "8+8=16" మాయ

పిన్ని ల్యాప్‌టాప్‌లో ఇంకోటి కూడా దొరికింది, ఒక ర్యామ్ బూస్టర్. ఎవరో వేసి ఇచ్చారట. నొక్కగానే రాకెట్ బొమ్మ ఎగిరి "1.2 జీబీ ఖాళీ చేశాం" అంటుంది. ఆ రాకెట్ చేసే పనేంటంటే, నడుస్తున్న ప్రోగ్రామ్‌లను వాటి మెమరీ వదిలెయ్యమని బలవంతం చేస్తుంది. అంకె నిజంగానే తగ్గుతుంది. రెండు నిమిషాల్లో ఆ ప్రోగ్రామ్‌లకు అదే డేటా మళ్లీ కావాలి, మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకుంటాయి. అంటే స్పీడ్ చేస్తానని చెప్పి 28 గంటల లైన్‌లోకి తోసేస్తుందన్నమాట. పైగా అది కూడా ర్యామ్‌లోనే కూర్చుని 90 ఎంబీ తింటోంది.

ర్యామ్ ఖాళీగా కనపడితే బాగుందని, నిండుగా కనపడితే బాలేదని అనుకోవద్దు. మీరు తరచూ వాడేవాటిని విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అన్నీ ఖాళీ ర్యామ్‌లో దాచిపెట్టుకుంటాయి. అవసరమైతే వెంటనే వదిలేస్తాయి. ఖాళీగా పడున్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు.

ఫోన్లలో ఇదే మాయ ఇంకాస్త స్టైల్‌గా జరుగుతోంది. రియల్‌మీ "డైనమిక్ ర్యామ్ ఎక్స్‌పాన్షన్" అంటుంది, వివో "ఎక్స్‌టెండెడ్ ర్యామ్" అంటుంది, శాంసంగ్ "ర్యామ్ ప్లస్" అంటుంది. పోస్టర్ మీద మాత్రం "8+8=16 జీబీ". ఆ రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజ్‌లో కొంత చోటు. పైన చెప్పిన పేజ్ ఫైల్‌కు కొత్త చొక్కా వేశారంతే. అస్సలు పనికిరాదని అనను, వెనక ఉన్న యాప్స్ కొన్ని మూసుకుపోకుండా ఉంటాయి. కానీ 8+8 అనేది 16 కాదు. మనలాంటి సైట్లు కూడా స్పెసిఫికేషన్ల టేబుల్‌లో దాన్ని అలాగే కాపీ కొట్టడం ఆపాలి.

ఇంతకీ ర్యామ్‌ను తిన్నదెవరు?

నాకు కోపం వచ్చింది ఇక్కడే.

1995లో వచ్చిన విండోస్ 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ కావాలి. 2001లో ఎక్స్‌పీకి 64 ఎంబీ. 2009లో విండోస్ 7కి 1 జీబీ. 2021లో విండోస్ 11కి 4 జీబీ. 26 ఏళ్లలో సరిగ్గా 1,024 రెట్లు. సరే, ఆ మధ్యలో వీడియో కాల్స్ వచ్చాయి, స్క్రీన్లు పెద్దవయ్యాయి. కొంత పెరగాలి, ఒప్పుకుంటా. పాపం మొత్తం సోమరి డెవలపర్లదే అనడం కూడా అన్యాయం. బ్రౌజర్‌నే తీసుకోండి. ఒక సైట్ ఇంకో సైట్ డేటాను దొంగచాటుగా చదవకుండా, 2018లో స్పెక్టర్ లోపం బయటపడ్డాక, క్రోమ్ ఒక్కో సైట్‌ను వేరే ప్రాసెస్‌లో పెట్టింది. దానివల్ల మెమరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని గూగులే చెప్పింది. అది మన బ్యాంక్ పాస్‌వర్డ్ కోసం కడుతున్న అద్దె. కట్టాల్సిందే.

మరి చాట్ యాప్ సంగతేంటి? నాలుగు మెసేజ్‌లు చూపించే యాప్ లోపల ఒక పూర్తి బ్రౌజర్‌ను దాచిపెట్టి ఇస్తున్నారు. ఒకే కోడ్ రాస్తే విండోస్‌లో, మ్యాక్‌లో, వెబ్‌లో నడుస్తుంది, కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. డిస్కార్డ్, స్లాక్ ఇలా కట్టినవే. విండోస్‌లో వాట్సాప్ కొన్నాళ్లు సొంత యాప్‌గా తేలిగ్గా ఉండేది, 2025లో దాన్ని కూడా వెబ్ పేజీని చుట్టి ఇచ్చే పద్ధతికి మార్చేశారు. కంపెనీకి మిగిలిన ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. కూచిపూడిలో మా పిన్ని ర్యామ్ మీద పడింది. కోడ్ రాసేవాళ్ల టేబుల్ మీద 32 జీబీ మెషీన్ ఉంటుంది, వాళ్లకు నొప్పి తెలీదు. నొప్పి తెలిసినవాళ్లకు మాత్రం "మీ ల్యాప్‌టాప్ ముసలిదైంది" అని చెబుతారు.

ఇదీ నా అభిప్రాయం. పాతబడింది మెషీన్ కాదు. దాని మీద మోపిన బరువు పెరిగింది. బరువు తగ్గించడం సగం మన చేతిలోనే ఉంది.

నేను చేసింది, అదే వరుసలో

వరుస ముఖ్యం. ఫ్రీగా అయ్యేది ముందు, డబ్బులు పడేది తర్వాత.

మొదట స్టార్టప్ లిస్ట్. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్తే ఆన్ అవ్వగానే పదిహేడు ప్రోగ్రామ్‌లు లేస్తున్నాయి. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్, మూడు రకాల అప్‌డేటర్లు, వాడని క్లౌడ్ డ్రైవ్. అవసరమైన నాలుగు ఉంచి మిగతావి డిసేబుల్ చేశా. రాకెట్ బూస్టర్‌ను పీకేశా. గడువు అయిపోయిన యాంటీవైరస్ ట్రయల్ ఒకటి, దాంతోపాటు ఇంకో యాంటీవైరస్ ఉన్నాయి. ఒకే ఇంటికి ఇద్దరు వాచ్‌మెన్‌లు ఒకరినొకరు అనుమానిస్తూ తిరిగినట్టు. రెండూ తీసేసి విండోస్‌తో వచ్చే డిఫెండర్‌నే ఉంచా. మామూలు వాడకానికి అది చాలు.

రెండోది బ్రౌజర్. పిన్ని ట్యాబ్‌లు మూయదు, పద్నాలుగు ఉన్నాయి. అలవాటు మార్చుకోమంటే మార్చుకోదు, నేనూ మార్చుకోలేదు. అందుకే క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేశా. వాడని ట్యాబ్‌లను అదే నిద్రపుచ్చుతుంది. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అని ఇలాంటిదే ఉంది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి 200 ఎంబీ తింటోంది. ఆవిడ జన్మలో కూపన్ వాడలేదు.

మూడోది జూమ్. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ తీసేశా, హెచ్‌డీ వీడియో ఆఫ్ చేశా. వెనక గోడకు చీర కట్టి తెర చేశాం, ఏ ఫిల్టర్‌కన్నా బాగుంది.

ఇంతవరకు పైసా ఖర్చు లేదు. ఆన్ చేశాక ఊరికే ఉన్నప్పుడు వాడే మెమరీ 2.7 జీబీ నుంచి 1.8కి దిగింది. క్లాస్ పెడితే మాత్రం ఇంకా అంచుల్లోనే.

సోమవారం బస్సెక్కి బెజవాడ వెళ్లా. గవర్నర్‌పేటలో తిరిగి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, వాడిన 4 జీబీ డీడీఆర్3ఎల్ ర్యామ్ ఒకటి తెచ్చా. పాత హార్డ్ డిస్క్‌కు యూఎస్‌బీ కేస్‌తో కలిపి నాకు 3,700 అయింది. డీడీఆర్3 రకం కొత్తవి అరుదు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసినవే ఎక్కువ దొరుకుతాయి. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీలో వెతకొచ్చు. కొనేముందు పాత ర్యామ్ స్టిక్కర్ ఫొటో తీసుకెళ్లండి. ఆ చివర "ఎల్" అక్షరం ఉందా లేదా చూడండి, అది 1.35 వోల్టులతో పనిచేసేది. ఎల్ లేనిది 1.5 వోల్టులది, కొన్ని ల్యాప్‌టాప్‌లు దాన్ని ఒప్పుకోవు. తెచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. వాడిన ర్యామ్‌కు గ్యారంటీ మనమే చూసుకోవాలి.

ఒకటే కొనగలిగితే ఏది కొనాలి అని అడుగుతారు. తిరిగే డిస్క్ ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ. ఎందుకంటే ర్యామ్ నిండినా 28 గంటలు కాకుండా 17 నిమిషాల లైన్‌లో ఉంటారు. ఆల్రెడీ ఎస్‌ఎస్‌డీ ఉండి 4 జీబీతో కష్టపడుతుంటే ర్యామ్. ఇంకో సంగతి, మీ విండోస్ 32 బిట్ అయితే ఎంత ర్యామ్ వేసినా దండగ, 4 జీబీలో కూడా మూడు చిల్లర మాత్రమే వాడుకుంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో ఇది కనపడుతుంది. ముందు 64 బిట్‌కు మారండి.

చేయకూడనివి, నా అనుభవంతో

బీటెక్ రెండో ఏడాదిలో ఒక వీడియో చూసి "డీబ్లోట్ స్క్రిప్ట్" నడిపా. యాభై సర్వీసులు ఆపేసింది. 200 ఎంబీ మిగిలిందని స్క్రీన్‌షాట్ స్టేటస్ పెట్టుకున్నా. వారం తర్వాత రికార్డ్ సబ్మిషన్ రోజు ప్రింట్ కొడదామంటే ప్రింట్ సర్వీసే లేదు. రాత్రంతా కూర్చుని ఫార్మాట్ కొట్టా. అప్పట్నుంచి నా రూల్ ఒకటే, పేరు చూసి అదేం చేస్తుందో చెప్పలేని సర్వీస్‌ను ముట్టుకోను.

పేజ్ ఫైల్‌ను ఆపెయ్యమని కూడా కొందరు చెబుతారు. వద్దు. తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్‌లో అది ఆపితే స్లో అవ్వడం పోయి, యాప్స్ ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలవుతుంది. విండోస్‌నే చూసుకోనివ్వండి.

విండోస్ 10 గడువు సంగతి

ఇప్పుడు అసలు చిక్కు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. పిన్నిది ఐదో తరం, కాబట్టి లేదు. 4 జీబీ ర్యామ్ చాలని రూల్ రాసి, పనిచేసే ప్రాసెసర్‌ను గేటు దగ్గర ఆపేశారు. సెక్యూరిటీ కోసం అన్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ పర్యవసానం ఏంటంటే, పనిచేస్తున్న కోట్ల మెషీన్లు కాగితం మీద చచ్చిపోయాయి.

ప్రస్తుతానికి దారి ఉంది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఫ్రీ. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. పిన్నిది అలా చేర్చేశా.

ఆ తర్వాత లినక్స్. భయపడకండి. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ చాలు, 4 ఉంటే హాయి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. నేను అలాగే చూశా. కెమెరా పనిచేసింది, వైఫై పనిచేసింది, జూమ్‌కు లినక్స్ వెర్షన్ ఉంది, పాట స్పీడ్ తగ్గించి పిల్లలకు వినిపించడానికి ఆవిడ వాడే ఆడాసిటీ కూడా ఉంది. తెలుగు కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంది. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని మన దగ్గర "స్వేచ్ఛ" వాళ్లు ఏళ్ల క్రితమే మొదలుపెట్టారు. పక్కన కేరళలో సర్కారు బడులు ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. మనకు రాదనుకోవడానికి కారణం అలవాటు లేకపోవడమే. అక్టోబర్‌లో పిన్ని మెషీన్ మింట్‌కు మారుతుంది, ఆవిడ ఒప్పుకుంది. "ఐకాన్లు ఎక్కడున్నాయో చూపిస్తే చాల్రా" అంది.

ఎప్పుడు వదిలెయ్యాలి?

పాత ప్రతి మెషీన్‌నూ బతికించాలని నేను అనను. 2 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి, 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్‌తో వచ్చిన చిన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటికి మార్చేందుకు ఏమీ లేదు. బ్యాటరీ ఉబ్బితే దాన్ని వెంటనే వాడటం ఆపెయ్యండి, మెమరీ సంగతి తర్వాత. వీడియో ఎడిటింగ్, కొత్త గేమ్స్ మీ పనైతే పాత మెషీన్‌తో కొట్లాడి టైమ్ పోగొట్టుకోవద్దు. బాగుచేసే ఖర్చు కొత్తదాని ధరలో పావు వంతు దాటితే నేనైతే ఆలోచిస్తా. పిన్ని విషయంలో అది పదో వంతు కూడా కాలేదు.

కొత్తది కొనేవాళ్లకు, మాలాంటి రాసేవాళ్లకు

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే ర్యామ్ ధరలు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు లాభం ఎక్కువుండే హెచ్‌బీఎం చిప్‌ల వైపు మళ్లాయి, మామూలు ర్యామ్‌కు కొరత వచ్చింది. 2025 చివరి నెలల నుంచి రేట్లు ఎగబాకుతున్నాయి. డిసెంబర్‌లో మైక్రాన్ ఏకంగా తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. మనలో చాలామంది మొదటిసారి సొంతంగా మార్చుకున్న ర్యామ్ క్రూషియల్‌దే. "ర్యామ్‌దేముంది, తర్వాత వేసుకుందాం లే" అనే రోజులు పోయాయి.

ఇంకోవైపు సన్నగా ఉండాలని ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తున్నారు. కొన్నరోజు ఎంతుంటే చివరిదాకా అంతే. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీకి కనీసం 16 జీబీ అంది. యాపిల్ 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్ మొదలయ్యేదే 16 నుంచి అని మార్చింది. అంటే 8 జీబీ అతికించిన ల్యాప్‌టాప్ ఈ రోజు కొంటే, పదేళ్ల తర్వాత కాదు, నాలుగేళ్లకే "ముసలిదైపోయింది" అనిపించుకుంటుంది. అప్పుడు ఖాళీ స్లాట్ కూడా ఉండదు. కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: ర్యామ్ మార్చుకునే స్లాట్ ఉందా?

మాలో ఎంతమంది ఆ ప్రశ్న రివ్యూలో రాస్తున్నాం? బెజెల్ ఎన్ని మిల్లీమీటర్లో రాస్తాం, వెనక మూత తీస్తే లోపల ఏముందో రాయం. "4 జీబీ ఈ కాలంలో పనికిరాదు" అని ఒక్క లైన్‌లో కొట్టిపారేస్తాం. నేనూ రాశా అలా. ఇకనుంచి నా ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో స్లాట్ల లెక్క ఉంటుంది, లేకపోతే నన్ను తిట్టండి.

తర్వాతి ఆదివారం నేను హైదరాబాద్ వచ్చేశా. పొద్దున్న ఏడున్నరకు పిన్ని నుంచి వీడియో కాల్. క్లాస్ నడిచినప్పుడు టాస్క్ మేనేజర్ ఫొటో తియ్యమని చెప్పా కదా, తీసింది. మెమరీ 65 శాతం, డిస్క్ 4. ఆన్ అవ్వడానికి మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పాతిక సెకన్లు. "కాలు ఎక్కడా ఆగలేదురా" అంది.

కూచిపూడిలో తరంగం అని ఒకటుంది. చుట్టూ అంత వేదిక ఉన్నా ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారు. ఆ పళ్లెం చాలట్లేదు, పెద్దది తెండి అని ఎవరూ అనరు. సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులకు ఇదే నా మనవి: విడుదల చేసేముందు ఒక్కసారి 4 జీబీ మెషీన్ మీద నడిపి చూడండి. వాడేవాళ్లకు ఇంకో మనవి: ఎవరైనా మీ ల్యాప్‌టాప్ ముసలిదైంది అంటే, డబ్బులు తీసేముందు ఆ మూడు మీటలు నొక్కి అంకెలు చూడండి.